చెడ్డ రివ్యూ పెడితే కేసు అవుతుందా? రాసే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

వలీమాకు బుక్ చేసిన ఫంక్షన్ హాల్లో జనరేటర్ ఉండదు. ఉమ్రాకు తీసుకెళ్లిన ట్రావెల్స్ వాళ్లు హరమ్‌కు దగ్గర్లో హోటల్ అని చెప్పి, దూరంగా దింపుతారు. గల్ఫ్ వీసా ఇప్పిస్తానన్న ఏజెంట్ డబ్బు తీసుకుని ఫోన్ ఎత్తడు. ఇలాంటివి జరిగినప్పుడు ఒకప్పుడు మొహల్లాలో నలుగురికి చెప్పుకుని ఊరుకునేవారు. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది. గూగుల్‌లో ఒక స్టార్ ఇచ్చి నాలుగు లైన్లు రాస్తున్నారు. ఆ స్క్రీన్‌షాట్‌ను ఫ్యామిలీ గ్రూపులో, అక్కడి నుంచి బస్తీ గ్రూపులో పెడుతున్నారు. మరికొందరు రీల్ చేసి ఏకంగా ఫేస్‌బుక్‌లో వదులుతున్నారు.

నష్టపోయినవారు నోరు విప్పడంలో తప్పు లేదు. చట్టం కూడా కాదనదు. చిక్కంతా ఎలా రాశారన్న దగ్గరే వస్తుంది. కోపంలో రాసిన ఒక్క మాటతో, డబ్బు పోగొట్టుకున్నవారే కోర్టు మెట్లెక్కి సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు. డబ్బు తిన్నవాడు మాత్రం ‘నా పరువు తీశారు’ అంటూ ఫిర్యాదుదారు కుర్చీలో కూర్చుంటాడు. అలా కాకుండా ఉండాలంటే చట్టం ఏం చెబుతోందో కాస్త తెలిసి ఉండాలి.

పరువు నష్టం అంటే ఏమిటి?

ఒక వ్యక్తి పేరుకు భంగం కలిగించాలని గానీ, భంగం కలుగుతుందని తెలిసి గానీ అతనిపై ఏదైనా ఆరోపణ చేసి, దాన్ని మూడో మనిషికి చేరేలా చేస్తే అది పరువు నష్టం కిందికి వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 356వ సెక్షన్. అంతకుముందు ఐపీసీలో 499, 500 సెక్షన్లుగా ఉండేది. నేరం రుజువైతే రెండేళ్ల వరకు సాధారణ జైలు శిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కొత్త చట్టంలో వీటికి సమాజ సేవను కూడా ఒక శిక్షగా చేర్చారు. పరువు నష్టాన్ని నేరంగా ఉంచడం రాజ్యాంగానికి విరుద్ధమని కొందరు వాదించినా, 2016 మే నెలలో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది.

ఇక్కడ ‘వ్యక్తి’ అంటే మనిషి ఒక్కడే కాదు. కంపెనీ, సంస్థ, సంఘం కూడా ఇందులోకి వస్తాయి. అంటే హాస్పిటల్, స్కూలు, హోటల్, ట్రావెల్ కంపెనీ కూడా తమ పేరు చెడిందని కోర్టుకు వెళ్లొచ్చు.

కేసు రెండు రకాలుగా రావచ్చు. ఒకటి, మేజిస్ట్రేట్ కోర్టులో క్రిమినల్ ఫిర్యాదు. రెండోది, నష్టపరిహారం కోరుతూ సివిల్ దావా. ఎదుటివారు ఈ రెండూ వేయొచ్చు. సివిల్ దావాకు పోస్టు పెట్టిన రోజు నుంచి ఏడాది గడువు ఉంటుంది. క్రిమినల్ ఫిర్యాదును విచారణకు తీసుకోవడానికి గడువు మూడేళ్లు. కాబట్టి నెల రోజులు గడిచాయి కదా, ఇక ఏమీ కాదని అనుకోవడానికి లేదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. దావా వేసేవారు రాసినవారి ఊళ్లోనే వేయాలని రూలేమీ లేదు. తమ పేరు చెడింది తమ ఊళ్లో అయితే అక్కడే వేసుకునే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ సెక్షన్ ఇస్తోంది. అంటే కర్నూలులో కూర్చుని ముంబైలోని కంపెనీ మీద రాసినవారు ముంబై కోర్టుకు తిరగాల్సి రావచ్చు. శిక్ష సంగతి తర్వాత, ముందు రైలు ఖర్చులు, వకీలు ఫీజు, పోయిన రోజుకూలీ. మామూలు కుటుంబాన్ని కుంగదీసేది ఇదే.

‘నిజమే కదా రాసింది’ అంటే సరిపోతుందా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. సివిల్ దావాలో రాసింది నిజమని రుజువు చేస్తే రక్షణ దొరుకుతుంది. క్రిమినల్ కేసులో మాత్రం నిజం ఒక్కటే సరిపోదు. అది నిజమై ఉండాలి, దాన్ని బయటపెట్టడం నలుగురి మేలు కోసమై ఉండాలి. ఈ రెండూ కలిస్తేనే 356వ సెక్షన్‌లోని మొదటి మినహాయింపు వర్తిస్తుంది.

చట్టంలో ఇలాంటి మినహాయింపులు మొత్తం 10 ఉన్నాయి. మామూలు కస్టమర్‌కు పనికొచ్చేవి ముఖ్యంగా నాలుగు. మొదటిది పైన చెప్పిందే. ఎనిమిదోది, ఆ విషయంపై అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో ఫిర్యాదు చేయడం. తొమ్మిదోది, తన ప్రయోజనాన్ని గానీ ఇతరుల ప్రయోజనాన్ని గానీ కాపాడుకోవడానికి సదుద్దేశంతో చెప్పడం. పదోది, ఎదుటివారి మంచి కోసం, లేదా ప్రజల మంచి కోసం హెచ్చరించడం. ‘ఫలానా చోట నాకిలా జరిగింది, జాగ్రత్త’ అని సరిగ్గా రాసిన రివ్యూకు చివరి రెండూ అండగా నిలుస్తాయి.

అయితే ‘సదుద్దేశం’ అన్న మాటకు చట్టంలో ప్రత్యేకమైన అర్థం ఉంది. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసిన పనిని సదుద్దేశంతో చేసినట్టు చట్టం ఒప్పుకోదు. మనసులో మంచే ఉండొచ్చు. కానీ విచారించకుండా, రసీదు చూడకుండా, ఎవరో చెప్పింది విని రాస్తే ఈ రక్షణ పోతుంది.

మాటను బట్టి మారే ప్రమాదం

ఒకే అనుభవాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఈ ఉదాహరణలు చూడండి.

క్యాటరింగ్: ‘వీళ్లు కుళ్లిన మాంసం పెట్టి జనాన్ని చంపుతారు’ అని రాస్తే, దాన్ని రుజువు చేయాల్సిన భారం రాసినవారి మీదే పడుతుంది. ‘500 మందికి ఆర్డర్ ఇచ్చాం. రాత్రి 9 గంటలకు రావాల్సిన భోజనం 11కు వచ్చింది. బిర్యానీ వాసన వస్తోందని చెప్పినా మార్చలేదు’ అని రాస్తే అది జరిగిన సంగతి. ఆర్డర్ కాగితం, ఫోన్ కాల్ లిస్టు, ఆ రోజు తీసిన ఫొటోలు దానికి సాక్ష్యం.

హాస్పిటల్: ‘ఈ డాక్టర్ హంతకుడు, డబ్బు కోసం ఆపరేషన్ చేశాడు’ అనేది నేరుగా నేరారోపణ. ‘అమ్మీని ఫలానా తేదీన చేర్చాం. ఆపరేషన్ ముందు 80 వేలు అవుతుందన్నారు, చివరికి లక్షా 60 వేల బిల్లు వేశారు. ఎందుకు పెరిగిందో రాతపూర్వకంగా ఇవ్వలేదు’ అనేది అనుభవం. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందా లేదా అన్నది నిపుణులు తేల్చాల్సిన విషయం. దాన్ని రివ్యూలో తీర్పులా రాయకూడదు.

వీసా ఏజెంట్: ‘దొంగ, వందల మందిని ముంచాడు’ అంటే, ఆ వందల మంది ఎవరని కోర్టు అడుగుతుంది. ‘మార్చిలో 60 వేలు ఇచ్చాను. వీసా రాలేదు, డబ్బు తిరిగి ఇవ్వలేదు’ అంటే, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపిస్తే చాలు.

తేడా తేలిగ్గానే కనబడుతుంది. మనిషి ఎలాంటివాడో రాయకుండా, తమకు ఏం జరిగిందో రాయాలి. దొంగ, మోసగాడు, హరామ్‌ఖోర్, ఫోర్ ట్వంటీ లాంటి మాటలు కోపాన్ని తీర్చవచ్చు గానీ, వకీలు నోటీసులో ముందుగా కనిపించేవి కూడా ఆ మాటలే. నచ్చలేదు, రుచిగా లేదు, డబ్బుకు తగ్గట్టు లేదు లాంటివి అభిప్రాయాలు. ఇలాంటి మాటల మీద కేసు నిలబడటం కష్టం.

కోర్టులు ఎలా చూశాయి?

రెండు కేసులు చూస్తే విషయం బాగా తెలుస్తుంది. ఒక యూట్యూబర్ పారాచూట్ కొబ్బరి నూనె గురించి వీడియో చేసి, అది మంచి నాణ్యత కాదని చెప్పారు. మారికో కంపెనీ బాంబే హైకోర్టుకు వెళ్లింది. 2020 జనవరిలో సింగిల్ జడ్జి ఆ వీడియోను తొలగించాలని ఆదేశించారు. చెప్పినదానికి సరైన ఆధారం లేదన్నది ప్రధాన కారణం. ఎక్కువమంది చూసేవారి మాటకు బాధ్యత కూడా ఎక్కువేనని కోర్టు గుర్తుచేసింది. తర్వాత అప్పీలుకు వెళ్లాక డివిజన్ బెంచ్ ఆ యూట్యూబర్‌కు కొంత ఊరట ఇచ్చింది. కానీ అప్పటికే కోర్టుల చుట్టూ తిరగడం తప్పలేదు.

రెండోది ఢిల్లీలో. ఒక ప్రొటీన్ పౌడర్ డబ్బా మీద రాసినంత ప్రొటీన్ అందులో లేదని కొందరు యూట్యూబర్లు వీడియోలు పెట్టారు. కంపెనీ వాటిని ఆపించాలని కోరింది. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ వీడియోలను ఆపడానికి ఒప్పుకోలేదు. కారణం, ఆ యూట్యూబర్లు చేతిలో ల్యాబ్ రిపోర్టులు పెట్టుకుని మాట్లాడారు. ఇద్దరు చేసిందీ విమర్శే. మొదటిచోట వీడియో తీసేయాలని ఆదేశం వచ్చింది, రెండోచోట రాలేదు. కాగితం ఉందా లేదా అన్నదే తేడా.

కంపెనీ అడిగినంత మాత్రాన కోర్టు వెంటనే రాతను ఆపదని కూడా గుర్తుంచుకోవాలి. 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ కంపెనీల మధ్య కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. విచారణ పూర్తి కాకముందే రాతను ఆపించే ఉత్తర్వులు యాంత్రికంగా ఇవ్వకూడదని కింది కోర్టులను హెచ్చరించింది.

‘ఫార్వర్డ్ చేశాను అంతే’ అంటే తప్పించుకోవచ్చా?

తప్పించుకోలేరు. వేరేవాళ్లు రాసిన ఆరోపణను మరో నలుగురికి పంపడం కూడా ప్రచురించడమే. అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ ఒక వీడియోను రీట్వీట్ చేసినందుకు పరువు నష్టం కేసు ఎదుర్కొన్నారు. పరువు తీసే పోస్టును రీట్వీట్ చేయడం కూడా పరువు నష్టం కిందికే వస్తుందని 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కింద ‘వచ్చినది వచ్చినట్టు పంపుతున్నాను’ అని రాసినంత మాత్రాన బాధ్యత తీరదు.

వాట్సాప్ గ్రూపు అడ్మిన్ల సంగతి వేరు. ఎవరో సభ్యుడు పెట్టిన పోస్టుకు కేవలం అడ్మిన్ అయినందుకే అతనిని బాధ్యుడిని చేయలేమని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు తీర్పులిచ్చాయి. అయితే అడ్మిన్ తానే ఆ పోస్టును ముందుకు పంపితే, దానికి సొంత మాటలు జోడిస్తే ఈ రక్షణ ఉండదు.

వేరే పేరుతో, దొంగ ఐడీతో రాస్తే ఎవరికీ తెలియదనుకోవడం కూడా పొరపాటు. కోర్టు ఆదేశిస్తే కంపెనీలు ఖాతా వివరాలు ఇస్తాయి. పైగా పేరు దాచుకోవడాన్ని, సదుద్దేశం లేదనడానికి గుర్తుగా ఎదుటి వకీలు వాడుకుంటాడు.

పరువు నష్టం ఒక్కటే కాదు

కొన్ని పనులు రివ్యూను మరింత పెద్ద చిక్కులోకి లాగుతాయి.

బెదిరించడం: ‘అడిగినంత ఇవ్వకపోతే వీడియో పెట్టి షాపు మూయిస్తా’ అని మెసేజ్ పంపితే, అది బెదిరింపు (351వ సెక్షన్), బలవంతపు వసూలు (308వ సెక్షన్) ఆరోపణలకు దారి తీస్తుంది. రావాల్సిన డబ్బు అడగడం హక్కు. పరువు తీస్తానని భయపెట్టి అంతకు మించి అడగడం నేరం.

గుంపుగా రాయించడం: ఒకరికి అన్యాయం జరిగితే అన్నదమ్ములు, కజిన్లు, స్నేహితులు 30 మంది కలిసి ఒక స్టార్ రివ్యూలు పెట్టడం ఈమధ్య ఎక్కువైంది. ఆ హోటల్ గడపే తొక్కనివారు అక్కడి భోజనం గురించి రాస్తే అది అబద్ధమే. అసలు బాధితుడి నిజమైన రివ్యూ కూడా దానితో పాటు నమ్మకం కోల్పోతుంది.

సిబ్బంది ఫొటోలు, నంబర్లు: రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి ఫొటో పెట్టి అసభ్యంగా రాస్తే, మహిళ గౌరవానికి భంగం కలిగించారంటూ 79వ సెక్షన్ కింద పోలీసు కేసు కావచ్చు. ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు పెట్టి ‘అందరూ ఫోన్ చేయండి’ అనడం కూడా అలాంటిదే. గొడవ సంస్థతో ఉంటే సంస్థ గురించే రాయాలి.

మతం, కులం ప్రస్తావన: షాపు యజమాని చేసిన తప్పును అతని మతానికో కులానికో అంటగట్టి ‘వీళ్ల దగ్గర ఎవరూ కొనొద్దు’ అని రాస్తే అది రివ్యూ కాదు. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టారంటూ 196వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. ఎవరు ఎవరి గురించి రాసినా ఇదే చట్టం.

రిష్తా తెగిపోయినప్పుడు

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. మంగ్నీ అయ్యాక సంబంధం చెడిపోతుంది. ఖుల్లా, తలాక్ దాకా వెళ్లిన గొడవలూ ఉంటాయి. అప్పుడు రెండు వైపుల నుంచీ గ్రూపుల్లో పోస్టులు మొదలవుతాయి. ‘ఆ అబ్బాయి తాగుతాడు, ఎవరూ పిల్లనివ్వకండి’ అని ఒకరు, ‘అమ్మాయి నడవడిక మంచిది కాదు’ అని ఇంకొకరు.

హోటల్ మీద రాసిన రివ్యూలో కనీసం ప్రజల మేలు ఉందని చెప్పుకోవచ్చు. ఒక అమ్మాయి నడవడిక గురించి 200 మంది ఉన్న గ్రూపులో రాయడం ఏ రకంగా ప్రజల మేలు అవుతుంది? చట్టంలో దీనికి రక్షణ దొరకడం చాలా కష్టం. ఆ పోస్టు వల్ల పోయిన పేరు కేసు గెలిచినా తిరిగి రాదు. జహేజ్ కోసం వేధిస్తే పోలీసులకు ఫిర్యాదు చేయాలి, దానికి వరకట్న నిషేధ చట్టం ఉంది. రిష్తా కోసం ఎవరైనా నేరుగా వచ్చి అడిగితే, తెలిసిన నిజం వారికి మాత్రమే చెప్పడం వేరు, అడగనివారందరికీ చాటడం వేరు.

గల్ఫ్‌లో ఉన్నవారికి ఇంకా జాగ్రత్త

హైదరాబాద్, నిజామాబాద్, కరీంనగర్, కడప ప్రాంతాల నుంచి ఎందరో గల్ఫ్‌లో పనిచేస్తున్నారు. అక్కడి చట్టాలు ఇక్కడికన్నా చాలా కఠినం. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం 43వ ఆర్టికల్ ప్రకారం ఆన్‌లైన్‌లో ఒకరిని తిట్టినా, పరువు తీసినా జైలు శిక్ష గానీ, రెండున్నర లక్షల నుంచి 5 లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. వాట్సాప్‌లో ఒకరికి పంపిన తిట్టు కూడా కేసుకు దారి తీస్తుంది. అనుమతి లేకుండా ఇతరుల ఫొటో తీసి పెట్టడం అక్కడ వేరే నేరం. సౌదీ అరేబియాలో 2007 నాటి సైబర్ నేరాల చట్టం 3వ ఆర్టికల్ కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల రియాల్‌ల వరకు జరిమానా విధించవచ్చు.

అందుకే కఫీల్ జీతం ఇవ్వలేదని, కంపెనీ పాస్‌పోర్టు పట్టుకుందని అక్కడి నుంచే వీడియో పెట్టడం మంచిది కాదు. ఆ దేశపు కార్మిక శాఖ, భారత రాయబార కార్యాలయం, భారత ప్రభుత్వ మదద్ పోర్టల్ ద్వారా ఫిర్యాదు చేయడమే సురక్షితం. ఇంటి దగ్గరున్నవారు కూడా వారి పేరుతో పోస్టులు పెట్టకూడదు.

పోస్టు కన్నా గట్టి దారి ఫిర్యాదు

అధికారికి చేసే ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన రక్షణ బహిరంగ పోస్టుకు అంత తేలిగ్గా దొరకదు. పైగా పోస్టు పెడితే లైకులు వస్తాయి, ఫిర్యాదు చేస్తే డబ్బు తిరిగి వచ్చే వీలుంటుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ పరిష్కారం కాకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషనే చూస్తుంది. 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో వేసుకునే వీలు కూడా ఉంది. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. హాల్, క్యాటరింగ్, ట్రావెల్స్, హాస్పిటల్ అన్నిటికీ ఇదే దారి.

గల్ఫ్ ఏజెంట్ అయితే ముందు అతను ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యాడో లేదో చూడాలి. రిజిస్టర్ అయిన ఏజెంట్ కూడా సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఎక్కువ వసూలు చేసినా, మోసం చేసినా హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. డాక్టర్ మీద ఫిర్యాదు ఉంటే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఉంది.

ఫిర్యాదు చేసినా రివ్యూ కూడా రాయాలనుకుంటే ఇవి పాటించాలి:

- కోపం చల్లారాక, కనీసం ఒక రాత్రి గడిచాక రాయాలి.
- తేదీ, చెల్లించిన మొత్తం, జరిగిన విషయం మాత్రమే రాయాలి. తాము చూడనిది రాయకూడదు.
- బిల్లు, రసీదు, చాటింగ్, ఫొటోలు పోస్టు పెట్టకముందే భద్రం చేసుకోవాలి.
- మంచి ఏదైనా ఉంటే అదీ రాయాలి. సదుద్దేశానికి అది సాక్ష్యమవుతుంది.
- డబ్బు వాపసు ఇచ్చినా, తప్పు సరిదిద్దినా ఆ సంగతి రివ్యూలో చేర్చాలి.

నోటీసు వస్తే ఏం చేయాలి?

లీగల్ నోటీసు అంటే కేసు కాదు. భయపడి చించేయకూడదు, పట్టించుకోకుండా వదిలేయకూడదు. ముందుగా తాము రాసిన దాని స్క్రీన్‌షాట్, దానికి ఆధారాలు ఒకచోట పెట్టుకుని వకీలును కలవాలి. ఆర్థిక స్తోమత లేనివారికి, మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఒక్క పరువు నష్టం ఆరోపణ మీదే పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టి అరెస్టు చేయలేరు. అది నాన్ కాగ్నిజబుల్, బెయిల్ దొరికే నేరం. బాధపడినవారు మేజిస్ట్రేట్ ముందు ఫిర్యాదు చేయాలి. 2024 జులై నుంచి వచ్చిన కొత్త ప్రొసీజర్ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ ప్రకారం, మేజిస్ట్రేట్ ఫిర్యాదును విచారణకు తీసుకునే ముందు ఎదుటివారి మాట వినాలి. కాబట్టి ‘రేపు పోలీసులు ఎత్తుకెళ్తారు’ అని ఎవరైనా ఫోన్‌లో బెదిరిస్తే కంగారు పడనక్కర్లేదు. బెదిరింపు, మహిళను అవమానించడం, మతద్వేషం లాంటి ఇతర సెక్షన్లు చేరితే మాత్రం పరిస్థితి మారుతుంది.

రాసింది నిజమై, ఆధారం ఉంటే వకీలు ద్వారా ఆ మాటే జవాబుగా ఇవ్వొచ్చు. ఒకటి రెండు మాటలు హద్దు దాటాయనిపిస్తే వాటిని సరిదిద్ది, అనుభవాన్ని అలాగే ఉంచొచ్చు. పరువు నష్టం కేసు ఇరువైపులా ఒప్పుకుంటే రాజీ పడగలిగేదే. నోటీసు అందాక కోపంతో ఇంకో పోస్టు పెట్టడం, ఆ నోటీసునే గ్రూపులో వేసి ఎగతాళి చేయడం మాత్రం చేయకూడదు. అవతలివారి ఫైలులో అది మరో కాగితంగా చేరుతుంది.